ఆఫీసు వేళలు

మా ఇంట్లో ఆఫీసు అన్న మాటకి ఒక్కటే అర్థం. కాలవ ఆఫీసు. చేనుకి నీళ్ళు కావాలంటే అక్కడే అడగాలి, కానీ ఆఫీసు వేళల్లో వెళితే ఎవరూ తలెత్తి చూడరు. కిటికీ అవతల ఎవరో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ ఉంటారు. ఇవతల మనం టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాం. అందుకని మా నాన్న యుసేబియో బరేలా నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ చెబుతూ వచ్చిన నీతి ఇది: "వాళ్ళ పని వేళలో వాళ్ళని కదపకూడదు తల్లీ. నాలుగు దాటనీ. నీళ్ళు వదిలే లస్కరు కాలవ గట్టు మీదికి వస్తాడు. అక్కడ పట్టుకో. అప్పుడు మనిషి మనిషిలా మాట్లాడతాడు." మిరప పండించే మా లోయలో ఈ నీతి తెలియని ఇల్లు లేదు. దీనితోనే మావాళ్ళు మూడు తరాలుగా నీళ్ళు తెచ్చుకున్నారు. నేను మాత్రం దీనితో ఆల్జీబ్రా తప్పబోయాను.

ఆ ఆగస్టుకి నాకు పదహారేళ్ళు. పచ్చిమిర్చి కోతకి వచ్చింది. ఆ కాలంలో లోయంతా ఒకటే వాసన. రోడ్డు పక్కన ఇనప జాలీ పీపాలు గిరగిరా తిరుగుతుంటాయి, కింద గ్యాసు మంటకి మిరపకాయలు చిటపటలాడి పైపొట్టు నల్లబడుతుంటుంది. లాస్ క్రూసెస్, ఎల్ పాసో పట్నాల నుంచి జనం కార్లేసుకుని వచ్చి బస్తాలకి బస్తాలు కాల్పించుకుని పోతారు. మా దుకాణంలో పీపా తిప్పేది నాన్న, మాట్లాడేది నేను. నాన్నకి మిరపకాయలతో మాట్లాడటం వచ్చు గానీ మనుషులతో రాదు. ఎవరైనా "ఇవి మరీ కారమా?" అని అడిగితే ఆయన ఆలోచనలో పడతాడు. నిజమేదో తేల్చుకుని తల ఎత్తేసరికి ఆ కారు పక్క దుకాణం ముందు ఆగి ఉంటుంది.

సరిగ్గా ఆ అదనులోనే మా స్కూల్లో పిల్లల చదువుల బాగోగులు చూసే లుహాన్ మేడమ్ నన్ను పిలిపించింది.

"ఒక్క ఆల్జీబ్రా క్లాసు, ఒరాలియా. కాలేజీకి వెళ్ళి చదువుతావు. ఇక్కడ స్కూలు లెక్కలోకీ వస్తుంది, రేపు కాలేజీ లెక్కలోకీ వస్తుంది. ఫీజు లేదు. పుస్తకం మేమిస్తాం. మంగళవారం, గురువారం మన వ్యానే తీసుకెళ్ళి తీసుకొస్తుంది." ఆ తర్వాత వేలెత్తి ఇంకో మాట కూడా చెప్పింది. "కానీ అక్కడొచ్చిన గ్రేడు రెండు చోట్లా జీవితాంతం ఉండిపోతుంది. సి కంటే తగ్గిందా, జనవరిలో నీ సీటు ఇంకొకరికి పోతుంది. ఆలోచించుకుని చెప్పు."

నేనేమీ ఆలోచించుకోలేదు. అప్పటిదాకా నాకు తెలిసిన గ్రేడు 'ఏ' ఒక్కటే.

"ఉచితమా?" అన్నాడు నాన్న ఆ సాయంత్రం, టోర్టియా రొట్టె తుంచుతున్నవాడు ఆగి. "మన లోయలో ఉచితంగా వచ్చేది దుమ్ముగాలి ఒక్కటే."

"నిజంగానే ఉచితం నాన్నా."

"అయినా స్కూలే అవలేదు, కాలేజీ ఏంటి? దూడని తోలుకొచ్చి పాలు పితుకుతామంటారేంటి?"

మా అమ్మ జులేమా ఉల్లిపాయల షెడ్డులో పొద్దుటి నుంచీ నిలబడి వచ్చి కాళ్ళు చాపుక్కూచుంది. "దూడ ఒప్పుకుంది. నీకేంటయ్యా నొప్పి?" అంది.

"మంగళవారం, గురువారం దుకాణంలో ఎవరు మాట్లాడతారు?"

అదీ అసలు నొప్పి. అమ్మ నవ్వింది. "నువ్వే. నన్ను చేసుకునే ముందు రెండు ముక్కలు మాట్లాడావుగా. అవే వాళ్ళతోనూ మాట్లాడు."

నాన్న గిన్నెలో బీన్సు చాలాసేపు కెలికాడు. "సరే. ఈ పంట అయ్యేదాకా చూద్దాం. గట్టెక్కావా, అప్పుడు ఆలోచిద్దాం. తప్పావా, మళ్ళీ ఈ కాలేజీ ఊసెత్తకూడదు. వారమంతా పీపా దగ్గరే ఉంటావు."

"సరే నాన్నా," అన్నాను. చదువు విషయంలో నాకు పొగరుండేది. పందెం కాసే ముందు ఎదుటివాడెవరో కూడా చూసుకోలేదు.

క్లాసులో ముప్ఫై మంది దాకా ఉన్నారు. నాకు తప్ప అందరికీ పెద్దరికం వచ్చేసింది. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళు, లారీ నడిపేవాళ్ళు, చంకలో పిల్లాడి పాలసీసాతో వచ్చిన ఒకతను. నా పక్కన వెర్నా అనే ఆవిడ కూచునేది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఆ బట్టల్తోనే వచ్చేది. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, మీ అమ్మ కోసం వచ్చావా? ఏ క్లాసులో ఉందీ?" అని అడిగింది. నేనే చదవడానికి వచ్చానని చెప్పాను. "ఓరి దేవుడా! మా పెద్దాడి కంటే చిన్నదానివి!" అని బ్యాగులోంచి ఒక బత్తాయి తీసి ఇచ్చింది. ఆ రోజు నుంచి సెలవులదాకా ఆవిడ బ్యాగులోంచి నాకు ఏదో ఒకటి వస్తూనే ఉంది.

మేష్టారి పేరు లీలండ్ సోసీ. నవహో తెగ ఆయన, మా రాష్ట్రంలోనే ఉత్తరాది వారు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవారు. "నన్ను లీలండ్ అనండి చాలు," అన్నారు. మా స్కూల్లో మేష్టర్లని పేరు పెట్టి పిలిస్తే ఇంటికి ఫోను వెళుతుంది. అందుకని నేను ఆయన్ని 'సార్' అంటూనే నెట్టుకొచ్చాను. ఆయన మాత్రం నన్ను "మిస్ బరేలా, మీరు" అనేవారు. మొదట్లో ఆయన ఎవరితో మాట్లాడుతున్నారా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఆ మొదటి క్లాసు చివర్లోనే ఆ మాట అన్నారు. "నా ఆఫీసు వేళలు మంగళ, గురువారాలు రెండు నుంచి నాలుగు. పై అంతస్తు, చివరి గది. అందరూ గుర్తుపెట్టుకోండి."

నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. రెండు నుంచి నాలుగు దాకా ఆయన జోలికి పోకూడదు.

క్లాసు రెండింటికి పావుగంట ముందే అయిపోయేది. మా వ్యాను అయిదింటికి గానీ కదలదు. మూడో వారం నుంచి లెక్కలు నా చేతుల్లోంచి జారిపోవడం మొదలైంది. స్కూల్లో ఒక లెక్క అర్థం కాకపోతే టీచరు మళ్ళీ చెబుతుంది, మళ్ళీ అర్థం కాకపోతే మర్నాడు మళ్ళీ చెబుతుంది. ఇక్కడ గురువారం చెప్పింది మంగళవారానికి పాతబడిపోతుంది. చెయ్యెత్తి అడుగుదామంటే చుట్టూ పెద్దవాళ్ళు, పని మానుకుని వచ్చినవాళ్ళు. ఈ పిల్లెక్కడ దొరికిందిరా అనుకుంటారని భయం. మేష్టారు మాత్రం ప్రతి క్లాసు చివరా అనేవారు: "ప్రశ్నలేమైనా ఉంటే నా ఆఫీసు వేళలు తెలుసుగా." తెలుసు, తెలుసు. ఎన్నిసార్లు హెచ్చరిస్తారు?

అందుకని కింద లైబ్రరీలో రెండు గంటలూ మర్యాదగా కూచునేదాన్ని. నాలుగు కాగానే పార్కింగులో ఆయన కారు దగ్గర నిలబడేదాన్ని, కాలవ గట్టు మీద లస్కరు కోసం నిలబడ్డట్టే.

ఆయన చేతిలో సంచీతో, నోట్లో కారు తాళాలతో పరిగెత్తుకొచ్చేవారు. ఇంకో ఊళ్ళో సాయంత్రం క్లాసు చెప్పేవారట.

"మిస్ బరేలా! ఏంటి, ఏమైనా కావాలా?"

"ఒక్క లెక్క సార్. ఒక్కటే."

"అయ్యో, నేను అయిదింటికి అక్కడుండాలి. గురువారం ఆఫీసు వేళలున్నాయి కదా?"

"ఉన్నాయి సార్," అనేదాన్ని దిగులుగా. గురువారం కూడా ఆయనకి పని ఉందన్నమాట. ఆయన నా వంక ఒకలా చూసి కారెక్కేవారు. ఆయనకి నేను అర్థం కాలేదు, నాకు ఆయన అర్థం కాలేదు. మధ్యలో ఆల్జీబ్రా ఇద్దరికీ కాకుండా పోయింది.

ఇంటి దగ్గర మంగళ, గురువారాల సంగతి అమ్మ చెప్పేది. "ఈ రోజు మీ నాన్న ఒక అట్ట మీద రాసి పీపాకి తగిలించాడు. 'కారంగానే ఉంటాయి' అని. ఇంక ఎవరూ అడక్కుండా."

"కొన్నారా మరి?"

"అట్ట చదివి నవ్వుకుని కొన్నారు. ఒకావిడ అట్టతో కలిపి ఫోటో దిగింది. అప్పటి నుంచి మీ నాన్న మాట్లాడితే ఒట్టు."

సెప్టెంబరు చివర పరీక్ష పెట్టారు. డి వచ్చింది. అలాంటి అక్షరం నా పేరు పక్కన ఉండటం అదే మొదలు. ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను. అమ్మ "క్లాసెలా ఉందే?" అంటే "బాగుంది" అన్నాను. శనివారాలు దుకాణంలో పోటీగా అరిచి, నవ్వి, రెండు రెట్లు అమ్మాను. నాన్న పీపా తిప్పుతూ నా వంక చూసేవాడు. నేను మరీ ఎక్కువ నవ్వితే ఆయనకి అనుమానం.

ఇంకోవైపు ఆయనకి కాలేజీ మీద కోపం. "స్కూలు వాళ్ళు నువ్వు తుమ్మినా ఫోనుకి మెసేజ్ పంపుతారు. ఈ కాలేజీ వాళ్ళకి ఉలుకూ పలుకూ లేదేంటి?"

"అక్కడ అంతే నాన్నా."

"అంతే అంటే? పిల్లని పంపించి రెండు నెలలయింది. ఉందో లేదో చెప్పొద్దూ?"

అక్టోబరు నడిమికి పచ్చి కాయ తగ్గి చేను ఎర్రబడటం మొదలైంది. ఒక గురువారం ఎప్పట్లాగే నాలుగింటికి పార్కింగులో నిలబడ్డాను. మేష్టారు వచ్చారు. ఆ రోజు పరిగెత్తడం లేదు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, దాంట్లోంచి కాల్చిన మిరపకాయల ఘాటు. ముఖం వెలిగిపోతోంది.

"మిస్ బరేలా, ఇవాళ నా ఆఫీసు వేళల్లో ఒకరొచ్చారు!" అన్నారు.

ఎవడో బుద్ధిలేనివాడు, అనుకున్నాను. పైకి, "అయ్యో, పాపం సార్," అన్నాను.

ఆయన సంచీ పక్క సీట్లో పెట్టి, కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి నాన్న ఉతికిన చొక్కాలో ఉన్నాడు. పెళ్ళిళ్ళకి వేసుకునేది. భోజనాల దగ్గర అమ్మ "చెప్పు చెప్పు, దానికి చెప్పు" అని మోచేత్తో పొడిచింది.

"ఏం లేదు. ఇవాళ మీ కాలేజీకి వెళ్ళొచ్చా," అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు? నా పరువు తియ్యడానికా?"

"నీ సంగతి కనుక్కుందామని. కింద ఆఫీసులో ఒక పిల్ల కూచునుంది. మా అమ్మాయి ఎలా చదువుతోంది అని అడిగా. ఆ పిల్ల కంప్యూటర్లో చూసి, 'మిస్ బరేలా గురించి మేం చెప్పకూడదండీ' అంది. మిస్ బరేలా ఎవరబ్బా అనుకున్నా. పెళ్ళికాని మా అక్క ఇక్కడెప్పుడు చేరిందా అని."

అమ్మ అప్పటికే ఒకసారి విన్నట్టుంది, అయినా నీళ్ళు మింగుడుపడక దగ్గింది.

"నేను దాని తండ్రినమ్మా అన్నా. తెలుసండీ అంది. స్కూలు పిల్లమ్మా, ఇంకా పదహారే అన్నా. ఇక్కడ చేరాక ఆవిడ మా విద్యార్థేనండీ, వయసుతో పనిలేదండీ, ఆవిడ గ్రేడ్లు ఆవిడ సొంతం అంది. కనిపెంచినవాడికి కూడా చెప్పరా అన్నా. 'ఆవిడనే అడగండి' అంది. ఆవిడ! నిన్న బాత్రూం తలుపు తీయమని నేను అరిచింది ఈ ఆవిడ మీదే."

నేను ఊపిరి పీల్చుకున్నాను. డి సంగతి తెలీదు. "మరి తిరిగొచ్చేశావా?"

"ఎలా వస్తా? చేతిలో మిరపకాయలున్నాయి. ఒట్టి చేతుల్తో వెళ్ళకూడదని కాల్చి పట్టుకెళ్ళాగా. ఆ పిల్ల వద్దంది, మేష్టారు పైనున్నారు కావాలంటే కలవండి అంది. పైకెళ్ళా. వాళ్ళ పని వేళ కదా, గోడ పక్కనే టోపీ తీసి నిలబడ్డా. తలుపు బార్లా తీసుంది. ఆయన నన్ను చూసి గభాల్న లేచాడు. 'రండి రండి! ఏ క్లాసండీ మీది?' అన్నాడు."

"నిన్నా?"

"నన్నే! నేను చదువుకోడానికి వచ్చాననుకున్నాడు. కాదండీ, బరేలా నాన్నని అన్నా. ఆయనకీ నోరు కట్టేశారట, నీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కానీ వెళ్ళనివ్వడే! కూచోబెట్టి కాఫీ ఇచ్చాడు. మిరపకాయల గురించి అడిగాడు. బోర్డు మీద ఒక లెక్క కూడా చెప్పాడు. నాకర్థం కాలేదు గానీ, బాగా చెప్పాడు. మంచివాడు." నాన్న గొంతు తగ్గించాడు. "పాపం తల్లీ, ఆయనకి ఎవరూ లేరు."

"అంటే?"

"మంగళవారం, గురువారం రెండు గంటలు తలుపు తీసిపెట్టి కూచుంటాడట. పిల్లలెవరైనా లెక్కలు అడగడానికి వస్తారేమోనని. అందుకే కూచుంటాడట, ఇంకే పనీ పెట్టుకోడట. ఆగస్టు నుంచీ ఒక్క నరపురుగూ రాలేదట. ఇవాళ నేను వెళ్ళానని ఆ మనిషి ఎంత సంబరపడ్డాడో చూడాల్సింది."

అమ్మ "అయ్యో" అంది. నేను పళ్ళెంలో బీన్సు వైపు చూస్తూ కూచున్నాను. ఆగస్టు నుంచీ నేను లైబ్రరీలో కూచున్న గంటలన్నీ, ఆయన నెత్తి మీద గదిలో కూచున్న గంటలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మధ్యలో ఉన్నది ఒక్క మెట్లదారి.

"ఏమైందే? కారమా?" అంది అమ్మ.

"కారమే," అన్నాను, కళ్ళు తుడుచుకుని.

మంగళవారం రెండింటికి పైకి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. గోడ పక్కన నిలబడి గుమ్మం మీద కొట్టాను. సోసీ మేష్టారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"మిస్ బరేలా. నా కారు కింద ఉంది, నాలుగింటికి గానీ రాను," అన్నారు. నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తోంది.

జరిగిందంతా చెప్పాను. కాలవ ఆఫీసు, కిటికీ, టోపీ, లస్కరు, గట్టు, అన్నీ. ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. "ఆ మాటకి అర్థం చెప్పాలని నాకు తట్టనేలేదండీ. ప్రతి క్లాసులో చెబుతున్నా, వీళ్ళకి అవసరం లేదేమో అనుకున్నా. మీరంతా నన్ను వదిలేశారనుకుని కాస్త బాధపడ్డా కూడా," అన్నారు. ఆపైన నా గ్రేడు తీశారు. అక్కడ దాపరికం లేదు, చూస్తున్నది నేనే కాబట్టి.

"ఇలాగే వెళితే తప్పుతారు. ఈ వారంలో క్లాసు వదిలేస్తే తప్పినట్టు రాయరు, వదిలేసినట్టు రాస్తారు. ఉంటే మాత్రం, ఇక్కణ్ణుంచి ప్రతి పరీక్షా గట్టిగా రాయాలి. గట్టెక్కొచ్చు. ఎక్కుతారని మాట ఇవ్వలేను."

"ఏం చెయ్యమంటారు?"

"అది నేను చెప్పను. నిర్ణయం మీది."

స్కూల్లో అయితే ఇలాంటిది అమ్మనీ నాన్ననీ పిలిచి, నన్ను బయట బల్ల మీద కూచోబెట్టి లోపల తేల్చేవారు. ఇక్కడ ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. వదిలేస్తే నాన్న లెక్కలో తప్పినట్టే, పీపా దగ్గరికి పోయినట్టే. ఉండి తప్పితే కాలేజీ ఎలాగూ పోయి, ఆ అక్షరం కూడా జీవితాంతం వెంటొస్తుంది. భయమేసింది. నిజంగా భయమేసింది.

"ఉంటాను సార్."

"సార్ కాదు, లీలండ్. మొదటి లెక్క తియ్యండి."

వెర్నాకి చెబితే బల్ల మీద తల పెట్టి నవ్వింది. "నేనేమనుకున్నానో తెలుసా? మా ఆస్పత్రిలో సూపర్‌వైజర్ ఆఫీసుకి రమ్మంటే తిట్టడానికే. ఆఫీసు వేళలంటే మేష్టారు వరసబెట్టి తిట్టే వేళలనుకున్నా. నా పేరెప్పుడొస్తుందా అని వణుకుతున్నా!" ఆ గురువారం ఆవిడ కూడా వచ్చింది. ఆ తర్వాత పాలసీసా అతను, లారీ అతను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగొచ్చని ముందు ఎవరో ఒకరు చెప్పాలిగా.

నాన్నకి నేను ఏమీ చెప్పలేదు. అప్పుడప్పుడు మేష్టారి గదికి వెళుతున్నానని మాత్రం అన్నాను. అంతే, ప్రతి గురువారం పొద్దున్నే బల్ల మీద మూతి కట్టిన సంచీ ఒకటి సిద్ధంగా ఉండేది. "ఒట్టి చేతుల్తో వెళ్ళకు." పచ్చివి అయిపోయాక ఎండు మిరప దండలు పంపాడు. నవంబరు వచ్చేసరికి ఆ నడవలో ఉన్న ప్రతి మేష్టారి తలుపుకీ మా చేని మిరపకాయలు వేలాడుతున్నాయి. వాసన పట్టుకుని ఇంకెవరెవరో వచ్చేవారు, వచ్చినవాళ్ళు లెక్కలు అడిగి వెళ్ళేవారు. సోసీ మేష్టారికి కాఫీ తాగే తీరిక లేకుండా పోయింది.

ఒక్కటే నన్ను తినేసింది. నాన్న అడగడం మానేశాడు. ఆ గురువారం తర్వాత "ఎలా చదువుతున్నావు" అన్న మాట ఆయన నోట రాలేదు. ఒక ఆదివారం చేలో ఎర్రకాయ కోస్తుంటే అవతలి సాలులోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒకసారి అడగరాదూ? నువ్వడిగితే చెబుతుంది."

"అది దాని సొంతం. చెప్పాలనుకుంటే చెబుతుంది," అన్నాడు నాన్న.

అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్ని. అడక్కపోయేసరికి మింగలేక కక్కలేక అయిపోయాను. పరీక్షల్లో ఒకటి మెరుగైంది, ఒకటి మళ్ళీ జారింది. ఆఖరి పరీక్ష రోజు వెర్నా నా చెయ్యి పట్టుకుని గదిలోకి నడిచింది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో ఇద్దరికీ తెలీదు.

డిసెంబరులో గ్రేడు వచ్చింది. స్కూలు లైబ్రరీలో కంప్యూటరు ముందు ఒక్కదాన్నే ఉన్నాను. సి. పక్కన ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. అంతకు ముందు ఏడాది అయితే సి చూసి రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. ఇప్పుడు అక్కడే కుర్చీలో కూచుని ఏడ్చాను. లుహాన్ మేడమ్ పరిగెత్తుకొచ్చి చూసి, తప్పాననుకుని నన్ను ఓదార్చడం మొదలెట్టింది. నేను వేలుతో తెర మీదికి చూపిస్తే తనూ కూచుని ఏడ్చింది.

బస్సు దిగి ఇంట్లోకి కూడా వెళ్ళకుండా చేలోకి నడిచాను. నాన్న ఎండిన మిరప మొక్కలు పీకి కుప్ప వేస్తున్నాడు. కుప్ప అవతలి నుంచి నన్ను చూశాడు. నా ముఖం ఉబ్బి ఉంది. చేతిలో మొక్క కింద పడేశాడు.

"చెప్పక్కర్లేదు," అన్నాడు గబగబా. "నీది నీ ఇష్టం. ఏదైనా పర్లేదు."

"సి వచ్చింది నాన్నా."

"అంటే?"

"గట్టెక్కాను. అంచు మీద."

ఆయన తలాడించాడు. చేతి తొడుగులు తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. ఆయనకి మనుషులతో మాట్లాడటం రాదని చెప్పాను కదా. నేను ఆగలేకపోయాను.

"మరి జనవరిలో వెళ్ళనా? అప్పుడు ఆలోచిద్దామన్నావుగా. ఇప్పుడు ఆలోచించు."

"ఇప్పుడేంటి ఆలోచించేది? వచ్చే ఏడు దుకాణానికి మీ చిన్నత్త కోడలు ఎర్నెస్టీనాని మాట్లాడేశా. మంగళవారం, గురువారం తనే చూసుకుంటుంది. బోలెడు మాట్లాడుతుంది, నీకంటే గట్టిగా అరుస్తుంది."

"ఎప్పుడు మాట్లాడావు?"

"ఎప్పుడంటే... ఆ ఆఫీసులో పిల్ల నిన్ను ఆవిడ అన్న రోజు. తిరిగొస్తూ దారిలో వాళ్ళింటి దగ్గర ఆగా."

నేను ఆ రోజుకి నా గ్రేడెంతో తలుచుకున్నాను.

"నాన్నా, అప్పటికి నేను తప్పుతున్నాను."

"అది నాకేం తెలుసు?" అన్నాడు నాన్న, మళ్ళీ మొక్కల మీదికి వంగి. "నాకెవరూ చెప్పలేదుగా!"